చిన్నప్పటి సైకిల్‌ని ఇంట్లోనే బాగుచేసుకోవడం: విప్పడం దగ్గర్నుంచి తొక్కడం దాకా

అటక మీదో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఓ మూలనో పడి ఉన్న చిన్నప్పటి సైకిల్‌ని దించగానే చాలామంది ముందు రంగు డబ్బా కొంటారు. పని తలకిందులయ్యేది అక్కడే. రంగు వేశాక, క్రాంకును (పెడల్ బిగించే ఇనుప చేతిని) పట్టి ఉంచే కాటర్ పిన్ కొట్టాల్సి వస్తుంది, సుత్తి జారుతుంది, వేసిన రంగు పెచ్చులుగా లేస్తుంది.

ఇక్కడ చెప్పే క్రమం వేరు. ముందు చక్రాలు సాఫీగా తిరగాలి, బ్రేకు పట్టాలి, వీధిలో ఒక రౌండు తొక్కి చూడాలి. ఆ తర్వాతే మళ్లీ విప్పి రంగు వేయాలి. రెండుసార్లు విప్పడం దండగ అనిపిస్తుంది గానీ, ఒకసారి శుభ్రం చేసి గ్రీజు పెట్టి బిగించిన సైకిల్ రెండోసారి చాలా తేలిగ్గా ఊడుతుంది.

ఇదంతా గేర్లు లేని మామూలు ఇనుప సైకిళ్లకు: 16, 20, 24 అంగుళాల చక్రాలు, కాటర్ పిన్‌తో బిగించిన క్రాంకులు. బీఎస్ఏ, హీరో, అట్లాస్, హెర్క్యులిస్, ఏదైనా పద్ధతి దాదాపు ఒకటే.

1. విప్పకముందు ఫ్రేమ్ చూడండి

తుప్పు చూసి భయపడక్కర్లేదు. చూడాల్సింది పగుళ్లు, వంకరలు.

తడిగుడ్డతో తుడిచి, పగటి వెలుతురులో మూడు చోట్ల చూడండి: హ్యాండిల్ కింద పైపులు కలిసే అతుకులు, పెడల్ ఇరుసు ఉండే గుండ్రటి గొట్టం అడుగు భాగం, వెనక చక్రం ఇరుసు కూర్చునే చీలికలు. జుట్టంత సన్నటి గీత, దాని వెంట తుప్పు చార కనిపిస్తే అది పగులు కావచ్చు. అక్కడ కాస్త గీకి చూడండి. గీత లోహంలోనే ఉంటే ఆ ఫ్రేమ్ మీద పిల్లల్ని ఎక్కించొద్దు. వెల్డింగ్ చేయించి తొక్కిస్తామనే ఆలోచన కూడా వద్దు. అలాంటి సైకిల్‌ని శుభ్రం చేసి గోడకు తగిలించుకోండి.

వంకర తెలియాలంటే దారం చాలు. వెనక చక్రం తీసి, ఎడమ చీలిక దగ్గర దారం కట్టి, ముందుకు లాగి హ్యాండిల్ కింది గొట్టం చుట్టూ తిప్పి, కుడి చీలికకు బిగుతుగా కట్టండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు పక్కలా కొలవండి. తేడా 2, 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే పట్టించుకోకండి.

ముందు ఫోర్కును పక్కనుంచి చూడండి. పై భాగం హ్యాండిల్ గొట్టంతో ఒకే వరుసలో దిగి, కింద మాత్రమే ముందుకు వంగాలి. మధ్యలోనే వెనక్కి నొక్కుకుపోయి ఉంటే ఎప్పుడో గోడకు గుద్దుకుందన్నమాట. ఫోర్కు మార్చాల్సిందే.

2. ఫొటోలు, కొలతలు, స్టిక్కర్లు

ఈ పనికి అరగంట పడుతుంది. ఎగ్గొడితే చివర్లో టెన్షన్ పడాలి.

- రెండు పక్కలా మొత్తం సైకిల్ ఫొటోలు
- బ్రేకు తీగలు ఎటునుంచి ఎటు వెళ్తున్నాయో దగ్గర్నుంచి ఫొటోలు
- రెండు చక్రాల ఇరుసుల దగ్గర నట్టు, వాషరు, మడ్‌గార్డ్ కడ్డీ ఏ వరుసలో ఉన్నాయో
- ఫ్రేమ్ నంబరు. ఎక్కువగా సీటు గొట్టం మీద గానీ, పెడల్ గొట్టం అడుగున గానీ గుద్ది ఉంటుంది
- స్టిక్కర్ల పక్కన స్కేలు పెట్టి, ఎదురుగా నిలబడి తీసిన ఫొటోలు

పాత స్టిక్కర్లు గీకేయకముందే వాటిమీద బటర్ పేపర్ వేసి పెన్సిల్‌తో అచ్చు తీసుకోండి. బండ్ల నంబర్ ప్లేట్లు చేసే రేడియం షాపుల్లో ఆ అచ్చూ ఫొటోలూ చూపిస్తే వినైల్‌లో కోసి ఇస్తారు. ముందు గొట్టానికి రివెట్లతో కొట్టిన ఇత్తడి బిళ్ల ఉంటే తీయకండి. రంగు వేసేటప్పుడు టేపు అంటించి కప్పితే సరిపోతుంది. ఆ బిళ్ల మళ్లీ దొరకదు.

3. సామాను

ఇంట్లో ఉండాల్సినవి: పానాల సెట్టు (పెడల్‌కి 15 నంబరు సన్న పానా తప్పనిసరి), సర్దుబాటు పానా, స్క్రూ డ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, అరకిలో సుత్తి, గట్టి చెక్క ముక్క, నిపుల్ పానా (చక్రం పుల్లలు బిగించడానికి), పలచటి కోన్ పానా (ఇరుసు మీది కోన్లు తిప్పడానికి), ఇత్తడి తీగల బ్రష్షు, గ్రీజు, మిషన్ ఆయిల్, తుప్పు వదిలించే స్ప్రే, అర లీటరు డీజిల్. చేతులకు గ్లవ్స్, కళ్లద్దాలు, మాస్కు.

హైదరాబాద్‌లో అయితే రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో పనిముట్లన్నీ ఒక్క చక్కర్‌లో దొరికిపోతాయి. సైకిల్ పార్టులకు కోఠి వైపు పాత సైకిల్ షాపులు అడగండి. పాతకాలపు బెల్లు, డైనమో, చైన్ కవర్ లాంటివి కావాలంటే ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, గురువారం జుమ్మెరాత్ బజార్‌లోనో ఓపికగా వెతకాలి. వెళ్లినప్పుడు పాత పార్టు చేతిలో ఉండాలి. "భాయ్, ఇదే సైజు కావాలి" అని చూపించడం కంటే మంచి కొలత లేదు.

ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రం) విప్పే ప్రత్యేక పనిముట్టు కొనక్కర్లేదు. చక్రం సైకిల్ షాపుకి తీసుకెళ్తే నిమిషంలో తీసిస్తారు. ఒక్క జాగ్రత్త: చక్రం పుల్లలన్నీ మార్చే ఉద్దేశం ఉంటే, పుల్లలు కోయకముందే ఫ్రీవీల్ తీయించండి. పుల్లలు పోయాక హబ్బును (చక్రం మధ్యలో పుల్లలు తగిలించే గొట్టాన్ని) గట్టిగా పట్టుకోవడానికి ఆధారం ఉండదు.

4. విప్పే క్రమం

ముందురోజు రాత్రి ప్రతి నట్టుకూ, సీటు కడ్డీ మొదట్లో, కాటర్ పిన్ల రెండు చివర్లా తుప్పు స్ప్రే కొట్టి వదిలేయండి. కింద పాత దుప్పటి పరవండి. ఎగిరిన బేరింగు గోళీలు దాని మీదే ఆగుతాయి, టైల్స్ మీదైతే సోఫా కిందికి పోతాయి.

పెడళ్లు. చక్రాలు ఉండగానే తీయండి, సైకిల్ కదలకుండా నిలబడుతుంది. కుడి పెడల్ మామూలు మర, ఎడమ పెడల్ ఎదురు మర. ఎడమది గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితే ఊడుతుంది. ఇది తెలియక బలం పెట్టి క్రాంకు మర పాడుచేసుకున్నవాళ్లు లెక్కలేనంతమంది.

హ్యాండిల్. పై బోల్టును మూడు నాలుగు చుట్లు వదులు చేయండి, పూర్తిగా తీయొద్దు. దాని మీద చెక్క పెట్టి సుత్తితో ఒక్కటి కొడితే లోపలి ముక్క జారి, హ్యాండిల్ వదులవుతుంది. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి.

చైన్. లాక్ ఉన్న లింకు వెతికి, క్లిప్పును ప్లేయర్‌తో జరపండి.

సీటు కడ్డీ. ఇరుక్కుపోతే లాగొద్దు, తిప్పండి. సైకిల్ తలకిందులు చేసి పెడల్ గొట్టం లోంచి కూడా స్ప్రే కొట్టొచ్చు, ఆ గొట్టంలోకి సీటు గొట్టం తెరుచుకుని ఉంటే. ఒక రాత్రి ఆగి మళ్లీ ప్రయత్నించండి. రెండు మూడు రాత్రులు పట్టినా తొందరపడకండి.

ఒక్కో భాగం నట్లు ఒక్కో జిప్ కవర్లో వేసి, పేరు రాసిన చీటీ పెట్టండి.

5. కాటర్ పిన్: సగం మంది ఆగిపోయేది ఇక్కడే

పెడల్ ఇరుసుకు క్రాంకును పట్టి ఉంచే చిన్న ఏటవాలు మేకు ఇది. ఏళ్ల తరబడి తుప్పుపట్టి ఇరుసుకు అతుక్కుపోయి ఉంటుంది. భయంభయంగా ఇరవై దెబ్బలు కొడితే దాని మర చివర పువ్వులా విచ్చుకుంటుంది, ఆ తర్వాత డ్రిల్ పెట్టడం తప్ప దారి ఉండదు.

ఇలా చేయండి:

- నట్టును వదులు చేసి, పిన్ చివరకు సమానంగా వచ్చేదాకా తిప్పి ఆపండి. దెబ్బ తగిలినా మర పాడవదు.
- క్రాంకు కింద, పిన్ తల ఉన్న చోట, నేలనుంచి సరిగ్గా ఎత్తు సరిపోయే ఇనుప పైపు ముక్క నిలబెట్టండి. పిన్ తల పైపు రంధ్రంలోకి దిగేలా ఉండాలి. ఈ ఆధారం లేకుండా కొడితే దెబ్బంతా లోపలి కప్పులకూ గోళీలకూ పోతుంది.
- ఇంకొకరిని సైకిల్ గట్టిగా పట్టుకోమనండి.
- ఒకే ఒక్క గట్టి దెబ్బ, నిటారుగా. కదిలాక నట్టు తీసేసి, సన్నటి కడ్డీతో మిగతాది తోసేయండి.

రెండు మూడు గట్టి దెబ్బలకీ కదలకపోతే ఆపేయండి. సైకిల్ షాపుకి తీసుకెళ్లండి. మంట పెట్టి వేడిచేసి తీసే అలవాటు వాళ్లకుంటుంది. ఇంట్లో స్ప్రే కొట్టిన చోట మంట పెట్టే సాహసం వద్దు.

తీసిన పిన్ బాగానే ఉందనిపించినా మళ్లీ వాడొద్దు. పాతది చూపించి అదే లావు ఉన్న కొత్త జత తెచ్చుకోండి.

6. బేరింగులు: అసలు పని ఇదే

ముందు హబ్బు, వెనక హబ్బు, పెడల్ ఇరుసు, హ్యాండిల్ కింది కప్పులు. ఈ నాలుగూ బాగుంటే సైకిల్ సగం కొత్తదైనట్టే.

ఒక్కోసారి ఒక్క భాగమే విప్పండి. గోళీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చీటీ మీద రాసుకోండి. మామూలుగా ముందు హబ్బులో 3/16 అంగుళం, వెనక హబ్బులో, పెడల్ ఇరుసులో 1/4 అంగుళం గోళీలు ఉంటాయి. అయినా నమూనా తీసుకెళ్లి పోల్చుకోండి.

కప్పులూ, కోన్లూ (ఇరుసు మీద మరతో బిగిసి, గోళీలను కప్పుకు నొక్కి ఉంచే ముక్కలు) డీజిల్‌లో కడిగి, తుడిచి, గోళీలు నడిచే దారి మీద పెన్ను మొనతో గీయండి. మొన సాఫీగా జారితే మంచిది. చిన్న గుంటలో తట్టుకుంటే ఆ కోన్ మార్చాలి. గోళీలు మాత్రం ఎలా ఉన్నా మొత్తం సెట్టు మార్చండి. పాతవీ కొత్తవీ కలిపితే పెద్దగా ఉన్న కొన్ని గోళీల మీదే బరువంతా పడుతుంది.

పెడల్ గొట్టంలో కుడి పక్క కప్పు తీయాలని మొండికేయకండి. చాలా సైకిళ్లలో అది ఎదురు మర, పైగా గట్టిగా బిగిసి ఉంటుంది. గుంటలు లేకపోతే అక్కడే ఉంచి గుడ్డతో శుభ్రం చేయండి. ఎడమ పక్క లాక్ రింగు, కప్పు తీస్తే చాలు.

కప్పులో గ్రీజు పరిచి, గోళీలు దానిలో అతికించి, పైన ఇంకో పూత వేయండి. తర్వాత కోన్‌ని చేత్తో ఆగేదాకా తిప్పి, పావు చుట్టు వెనక్కి తీసి, లాక్ నట్టు బిగించండి. లాక్ నట్టు బిగించేటప్పుడు కోన్ కూడా తిరుగుతుంది, కాబట్టి రెండు పానాలు కావాలి. ఒక్కసారికి కుదరదు. నాలుగైదు సార్లు సరిచేసుకోవడం మామూలే.

సరిగ్గా కుదిరిందా లేదా చూడటానికి చక్రాన్ని గాల్లో పట్టుకుని, వాల్వు పక్కకు ఉండేలా వదలండి. వాల్వు బరువుకే చక్రం మెల్లగా తిరిగి, వాల్వు కిందికి వచ్చి ఊగి ఆగితే కుదిరింది. రిమ్ము పట్టుకుని పక్కకు కదిపితే టకటకమని ఆడకూడదు.

7. చక్రాలు, టైర్లు, వాల్వ్ ట్యూబు

తుప్పుతో సన్నబడిన పుల్లలు, విరిగినవి మార్చండి. నాలుగో వంతు కంటే ఎక్కువ పోయి ఉంటే మొత్తం సెట్టు వేయించడమే నయం.

బెండు తీయడం ఇంట్లోనే నేర్చుకోవచ్చు. చక్రం ఫ్రేమ్‌లో పెట్టి, బ్రేకు రబ్బరును కొలతగా వాడండి. రిమ్ము కుడి రబ్బరుకు రాసుకుంటుంటే, అక్కడ ఎడమ హబ్బు అంచునుంచి వచ్చే పుల్లలు పావు చుట్టు బిగించండి, కుడివైపువి పావు చుట్టు వదలండి. మళ్లీ తిప్పి చూడండి. ఒకే పుల్లను రెండు చుట్లు తిప్పేస్తే గుండ్రం పోయి గుడ్డు ఆకారం వస్తుంది.

టైరు సైజు విషయంలో మోసపోకండి. "20 అంగుళాలు" అని రాసిన టైర్లన్నీ ఒకే రిమ్ముకు ఎక్కవు. 20 × 1.75 టైరు లోపలి వ్యాసం 406 మిల్లీమీటర్లు, 20 × 1 3/8 అని రాసినది 451 ఉండొచ్చు. టైరు పక్కన 47-406 లాంటి అంకె ఉంటే అందులో చివరి సంఖ్యే చూసుకోవాల్సింది. అంకె చెరిగిపోతే రిమ్ము తీసుకెళ్లండి.

టైరు మీది గాట్లు ఇంకా ఉన్నాయని పాత టైరు ఉంచకండి. పక్కలు చీలికలు చీలికలుగా ఉంటే గాలి నింపగానే చిరుగుతుంది. రిమ్ము లోపలి పట్టీ లేకపోతే పాత ట్యూబును సన్నగా కోసి చుట్టండి.

గాలి నిలవకపోతే వెంటనే పంక్చర్ అనుకోవద్దు. మన సైకిళ్ల వాల్వులో ఉండే చిన్న రబ్బరు గొట్టం ఎండిపోయి ఉంటుంది. ముందు అది మార్చండి.

8. తుప్పు, క్రోమ్

చిన్న ఇనుప భాగాలకు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు వేడి నీళ్లకు 50 గ్రాములు వేసి, ప్లాస్టిక్ బకెట్‌లో నానబెట్టండి. గంటకోసారి తీసి బ్రష్షుతో రుద్ది చూడండి. అయ్యాక వంటసోడా నీళ్లలో ముంచి, మంచినీళ్లతో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టి నూనె రాయండి. అలా తడిగా వదిలేస్తే గంటలో పసుపు తుప్పు మళ్లీ వస్తుంది.

బేరింగు గోళీలు, స్ప్రింగులు, అల్యూమినియం భాగాలు ఇందులో వేయొద్దు. బాత్రూమ్ కడిగే యాసిడ్ అసలు వాడొద్దు. క్రోమ్‌ని తినేస్తుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం, పైగా ఆ ఆవిరికి పక్కనున్న పనిముట్లు కూడా తుప్పుపడతాయి.

క్రోమ్ హ్యాండిల్, రిమ్ముల మీది తుప్పు చుక్కలకు వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ని ఉండచేసి నీళ్లలో ముంచి రుద్దండి. క్రోమ్ కంటే అల్యూమినియం మెత్తన, గీతలు పడవు. తర్వాత కారు మైనం పూయండి. క్రోమ్ పెచ్చులుగా లేచిపోయి ఉంటే రుద్దినా రాదు. దాని మీద వెండి రంగు స్ప్రే కొట్టడం నాకు నచ్చదు, ఆరు నెలల్లో అసహ్యంగా తయారవుతుంది. ఆ భాగం కొత్తది వేసుకోండి, లేదా అలాగే వదిలేయండి.

9. రంగు లేకుండా ఒకసారి బిగించి తొక్కండి

అన్నీ బిగించండి. పాత రంగుతోనే, తుప్పు మచ్చలతోనే. కాలనీలో పావుగంట తొక్కి చూడండి. చైన్ మడ్‌గార్డ్‌కి తగులుతోందా, బ్రేకు రబ్బరు టైరుకు రాసుకుంటోందా, ఏదైనా వాషరు తక్కువైందా, అన్నీ ఇప్పుడే బయటపడతాయి. రంధ్రం పెంచాలన్నా, కడ్డీ వంచాలన్నా ఇప్పుడే చేసేయండి.

ఇక్కడే ఇంకో ప్రశ్న వేసుకోండి: రంగు నిజంగా అవసరమా? కంపెనీ రంగు సగానికి పైగా ఉంటే నేనైతే ఉంచేస్తాను. సబ్బు నీళ్లతో కడిగి, రబ్బింగ్ కాంపౌండ్‌తో మెత్తగా రుద్ది, మైనం పూస్తే చిన్నప్పటి ఎరుపు చాలావరకు తిరిగొస్తుంది. గీతలు మీవే కదా, ఉండనీయండి.

10. రంగు వేయాలనే నిర్ణయిస్తే

పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకితే ఆ దుమ్ము ఇల్లంతా చేరుతుంది. వాటర్ పేపర్‌ని నీళ్లలో తడుపుతూ రుద్దండి, మాస్కు వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, మురికిని పేపర్లో చుట్టి విడిగా పారేయండి.

ఇంట్లో స్ప్రే డబ్బాలతో:

- 120 నంబరు పేపర్‌తో మొదలుపెట్టి 240, తర్వాత 400
- థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకోకుండా ప్రైమర్ రెండు పలచటి పూతలు
- ఆరాక 400 పేపర్‌తో తడిగా మెత్తగా రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి
- రంగు మూడు పూతలు, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి, పూతకూ పూతకూ మధ్య డబ్బా మీద రాసినంత సమయం
- స్టిక్కర్లు, ఆ పైన క్లియర్ రెండు పూతలు

కారిపోయిందంటే దగ్గర్నుంచి, ఎక్కువసేపు ఒకేచోట కొట్టారని. తడిగా తుడవకండి, ఆరనిచ్చి 800 పేపర్‌తో దించి మళ్లీ వేయండి. గరుకుగా ఇసుకలా వచ్చిందంటే రంగు గాల్లోనే ఆరిపోయింది. హైదరాబాద్ మే మధ్యాహ్నం డాబా మీద జరిగేది ఇదే. వానాకాలంలో ప్రైమర్ తేమ పీల్చుకుని, తర్వాత రంగు కింద బుడగలు వస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు ఆరాక, పదింటి తర్వాత మొదలుపెట్టడం అన్నిటికన్నా మంచిది. బాల్కనీలో కొడుతుంటే పక్కన దీపం, అగరుబత్తి, గ్యాస్ స్టవ్ ఏదీ వెలుగుతూ ఉండకూడదు.

పిల్లలు రోజూ తొక్కే సైకిల్ అయితే పౌడర్ కోటింగ్ గట్టిది. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామిక వాడల వైపు చేసేవాళ్లు ఉన్నారు. సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు కాబట్టి మామూలు పుట్టీ, ప్లాస్టిక్, రబ్బరు ఏదీ ఫ్రేమ్ మీద ఉండకూడదు. ఇచ్చేముందు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి: పెడల్ గొట్టం మరలు, హ్యాండిల్ కప్పులు కూర్చునే చోట్లు, సీటు గొట్టం లోపలి భాగం మూసి కోటింగ్ చేయాలి. నోటితో చెప్తే మర్చిపోతారు.

ముట్టుకుంటే ఆరినట్టున్నా, స్ప్రే రంగు గట్టిపడటానికి వారం ఆగండి. ఆ వారం రోజులూ బిగించాలనే ఆత్రమే ఎక్కువ పనులు పాడుచేస్తుంది.

11. చివరి బిగింపు

క్రమం: ఫోర్కు, పెడల్ ఇరుసు, క్రాంకులు, వెనక చక్రం, చైన్, ముందు చక్రం, మడ్‌గార్డులు, బ్రేకులు, హ్యాండిల్, సీటు, చివరగా పెడళ్లు.

- కాటర్ పిన్లు రెండూ ఎదురెదురు దిశల్లో వెళ్లాలి. ఒకే దిశలో పెడితే రెండు క్రాంకులూ ఒక గీతలో రావు, తొక్కుతుంటే కుంటుతున్నట్టు ఉంటుంది. పిన్‌ను సుత్తితో లోపలికి దించాకే నట్టు బిగించాలి. నట్టుతో లాగితే మర పోతుంది.
- చైన్ లాక్ క్లిప్పు మూసి ఉన్న వైపు చైన్ కదిలే దిశకు ఉండాలి.
- చైన్ మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే సుమారు ఒక సెంటీమీటరు ఆడాలి. అంతకంటే బిగిస్తే బేరింగులు అరుగుతాయి.
- బ్రేకు తీగ, దాని పై గొట్టం రెండూ కలిపి కొత్తవి వేయండి.
- హ్యాండిల్ కడ్డీ గొట్టం లోపల కనీసం 6.5 సెంటీమీటర్లు ఉండాలి. పిల్లవాడు పొడుగయ్యాడని అంతకంటే పైకి లేపకండి.
- పెడల్ మరలకు గ్రీజు రాసి, చేత్తో నాలుగు చుట్లు తిప్పాకే పానా పెట్టండి.

12. పిల్లల చేతికి ఇచ్చేముందు

- సైకిల్‌ని చేతి మందం ఎత్తు లేపి వదలండి. టకటక శబ్దం వస్తే ఏదో వదులుగా ఉంది, అది వెతకండి.
- ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకు తోయండి. చక్రం తిరగకూడదు, హ్యాండిల్ దగ్గర ఆడకూడదు.
- ముందు చక్రాన్ని కాళ్ల మధ్య పట్టి హ్యాండిల్ తిప్పండి. జారకూడదు.
- బ్రేకు మీట పూర్తిగా నొక్కినా హ్యాండిల్‌కి తగలకూడదు.
- గాలి టైరు పక్కన రాసి ఉన్నంతే.
- మొదటి పావుగంట పెద్దవాళ్లెవరైనా పక్కన నడుస్తూ, లేదా చిన్న సైజు సైకిల్ అయితే చేత్తో తోస్తూ చూడాలి.

పది, ఇరవై కిలోమీటర్లు తిరిగాక కాటర్ పిన్లను ఒక దెబ్బ కొట్టి నట్లు మళ్లీ బిగించండి. కొత్త పిన్లు మొదట్లో కాస్త వదులవుతాయి. పుల్లలు కూడా అప్పుడే ఒకసారి చూసుకోండి. టక్ టక్ మని శబ్దం చేస్తూ కొన్ని సర్దుకుంటాయి. వానాకాలంలో సైకిల్ బాల్కనీలో ఉంటే రెండు వారాలకోసారి చైన్ తుడిచి నూనె చుక్కలు వేయండి. నూనె మీద నూనె పోస్తే మట్టి పేరుకుని చైన్ త్వరగా అరుగుతుంది, కాబట్టి తుడిచాకే వేయాలి.